బెల్లం రంగు పొయ్యి దగ్గరే తేలుతుంది

పెనంలో, అచ్చులో వేడి సమంగా ఉంటే హైడ్రోస్ అవసరం ఉండదు

సీజనులో ఏదో ఒక ఉదయం అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో కాసేపు నిలబడి చూడండి. ఒకే ఊరి ఇద్దరు రైతులు పక్కపక్కన దిమ్మలు దించి ఉంటారు. ఇద్దరిదీ ఒకే రకం చెరకు, 87ఎ298 అనుకుందాం. ఒకే కాలవ నీరు, ఒకే వారంలో నరికిన తోట. కొనేవాడు వస్తాడు, దిమ్మను చేత్తో తడుముతాడు, గోటితో ఓ మూల గీకుతాడు, చిన్న ముక్క నోట్లో వేసుకుంటాడు. ఒకరిది మొదటి రకం అంటాడు. రెండో వారిది మూడో రకం అని ముందుకు పోతాడు. ఏడాదంతా పడిన కష్టం ఆ అరనిమిషంలో తేలిపోతుంది.

మూడో రకం వచ్చిన రైతు ఏమనుకుంటాడు? నేల బాగాలేదనుకుంటాడు, విత్తనం మార్చాలనుకుంటాడు. లేకపోతే పక్కవాడు హైడ్రోస్ ఎక్కువ వేశాడు, మనం కూడా ఓ గుప్పెడు వేస్తే పోలా అనుకుంటాడు. పొయ్యి వైపు మాత్రం చూడడు. చాలాసార్లు తేడా వచ్చింది మాత్రం అక్కడే. రసం పెనంలోకి పోసిన దగ్గర్నుంచి దిమ్మ చల్లారేదాకా వేడి ఎక్కడ ఎంత ఉంది, అంతటా ఒకేలా ఉందా లేదా అన్నదాన్ని బట్టే బెల్లం రంగు, గట్టిదనం, నిలవ చాలావరకు నిర్ణయమవుతాయి. ఎకరం, రెండెకరాలు వేసి సొంతంగా వండుకునే చిన్న రైతుకు ఇందులో ఒక మంచి సంగతి ఉంది. దీన్ని సరిచేసుకోవడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు.

వేడి ఎందుకు ఒక్కసారిగా ఎగబాకుతుంది?

నూరు కిలోల మంచి చెరకు రసంలో సుమారు 80 కిలోలు నీరే. మిగతా 20 కిలోలు చక్కెర, కొద్దిగా ఇతర పదార్థాలు. రసం 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటగానే మరగడం మొదలవుతుంది. మీరు ఎంత మంట వేసినా చాలాసేపు వేడి అక్కడక్కడే ఉంటుంది. వేసిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది మరి. ఆ 80 కిలోల నీటిలో 70 కిలోలు పోయేదాకా రసం వేడి పెరిగేది ఐదారు డిగ్రీలే. అప్పటికి అది పానకంలా చిక్కబడుతుంది. 105, 106 డిగ్రీల దగ్గర దించితే అది పానకం బెల్లమే, సీసాలకు పోసుకునేది.

అసలు ప్రమాదం ఆ తరువాత ఉంది. ఇంకో ఐదారు కిలోల నీరు పోయేసరికి వేడి ఏకంగా పది పన్నెండు డిగ్రీలు ఎగబాకుతుంది. అంటే రెండు గంటలు కదలని ముల్లు చివరి కొద్ది నిమిషాల్లోనే పరుగు పెడుతుంది. గట్టి దిమ్మకు 116 నుంచి 118 డిగ్రీల మధ్య దించాలి. పొడి బెల్లానికి 120 నుంచి 122 దాకా పోనివ్వాలి. అంతకు మించితే చక్కెర మాడడం మొదలవుతుంది, రంగు నల్లబడుతుంది, చేదు వాసన వస్తుంది. రెండు డిగ్రీలు ముందు దించితే దిమ్మ మెత్తన, రెండు డిగ్రీలు ఆలస్యమైతే నలుపు. పొయ్యి దగ్గర మనిషి బీడీ ముట్టించుకోవడానికి పక్కకు తిరిగితే చాలు.

ఒకే పెనంలో మూడు వేడులు

ఇంకో చిక్కుంది. పెనమంతా ఒకే వేడి ఉండదు. పల్చటి రసం తెర్లేటప్పుడు అడుగుది పైకి, పైది అడుక్కి తనంతట తానే తిరుగుతుంది కాబట్టి తేడా అంతగా తెలియదు. పాకం చిక్కబడ్డాక అది కదలదు. పొయ్యిలో మంట గొట్టం వైపు ఈడ్చుకుపోతుంది కాబట్టి ఆ పక్క పెనం ఎక్కువ కాలుతుంది. మధ్యలో ఒకలా, గొట్టం వైపు ఒకలా, అంచున ఒకలా ఉంటుంది. అన్నిటికన్నా అడుగు రేకు వేడి ఎక్కువ. పైన పాకం 112 దగ్గర ఉన్నా, అడుగున అంటుకున్న పొర అప్పటికే మాడిపోతూ ఉండవచ్చు. మాడిన ఆ పలుచని పొర గరిటె తగిలి ఊడి పెనమంతా కలుస్తుంది. పెనంలో పిడికెడు పాకం మాడితే చాలు, మొత్తం దిమ్మలకు ఆ రంగు పడుతుంది.

అంచు సంగతి ఇంకా మోసం. తెర్లేటప్పుడు పెనం గోడ మీదికి చిమ్మిన రసం అక్కడే ఎండి, మాడి, నల్లటి పెచ్చు కడుతుంది. మనవాళ్లు చివర్లో దాన్ని కూడా గోకి పాకంలోకి వేస్తారు, పోనివ్వడం ఇష్టం లేక. ఆ గుప్పెడు పెచ్చు వల్ల పోయేది ఎంతో లెక్క కట్టరు. చిమ్మినప్పుడల్లా తడిగుడ్డతోనో, చెంబుడు నీళ్లు గోడ చుట్టూ జారవిడిచో కడిగేస్తూ ఉంటే పెచ్చు కట్టదు.

పాకం 108 దాటాక గరిటె ఆపకూడదు. గుండ్రంగా తిప్పుతూ పోతే చాలదు, అడుగు నుంచి పైకి తోడినట్టు, గొట్టం వైపు నుంచి ఇవతలికి లాగినట్టు తిప్పాలి. మంట కూడా అప్పటి నుంచి తగ్గించాలి. ఎండిన పిప్పి భగ్గున మండుతుంది, అంతే వేగంగా చల్లారుతుంది. పెద్ద మోపు ఒకేసారి తోసి, ఆరిపోయాక మళ్లీ తోస్తే పెనం కింద వేడి ఎగుడుదిగుడవుతుంది. కొంచెం కొంచెంగా, ఆగకుండా వేయాలి. పిప్పి వేసే పనిని అందరికన్నా చిన్నవాడికి అప్పజెప్పడం మన దగ్గర అలవాటు. నిజానికి బెల్లం వంటలో సగం పనితనం ఆ చేతిలోనే ఉంది.

ఇంకొక్క మాట. పిప్పి వేయడం ఆపినంత మాత్రాన వేడి ఆగదు. పొయ్యి గోడలు, నిప్పులు, పెనం రేకు అన్నీ కాలి ఉంటాయి. 118 రావాలంటే 114 దగ్గరే మంట ఆపి చూడండి. మీ పొయ్యి ఎన్ని డిగ్రీలు ‘ఎక్కువ ఈడుస్తుందో’ రెండు మూడు వంటల్లో తెలిసిపోతుంది.

మా ఇంట్లో జరిగింది

పాకం చూడటానికి మన పెద్దల పద్ధతి ఉండనే ఉంది. చల్లనీళ్లలో రెండు చుక్కలు వేసి, వేళ్లతో ఉండ చేసి, పళ్లెం మీద విసిరితే ‘టంగు’మనాలి. ఆ పద్ధతి తప్పని నేను అనను. మా ఇంట వండే మేస్త్రి ఆ చప్పుడును బట్టి పాకం చెబితే తేడా వచ్చేది కాదు. కానీ ఆయనకు జ్వరం వచ్చిన వారం మా బెల్లానికి కూడా జ్వరం వచ్చేది. పైగా ఆ పరీక్ష చేసే లోపల పెనంలో పాకం ఆగి ఉండదు, రెండు డిగ్రీలు పైకి పోయే ఉంటుంది.

అందుకని ఒక ఏడాది నేను థర్మామీటరు తెచ్చాను. మేస్త్రి నవ్వాడు. “గాజు పుల్ల నాకు పాకం చెప్పాలేటి బాబూ?” అన్నాడు. నేను పట్టుదలగా దాన్ని పెనంలో నిలువునా ముంచాను. 118 చూపింది. దించమన్నాను. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు గానీ యజమాని కొడుకు మాట, దించేశాడు. మర్నాటికి ఆ వంట దిమ్మలు ఏవీ గట్టిపడలేదు. గోనె తీస్తే పక్కలకు జారాయి. తప్పు పుల్లది కాదు, నాది. కొన పెనం అడుగుకు ఆనించి పెట్టాను. అది చూపింది రేకు వేడి, పాకం వేడి కాదు. పాకం అప్పటికి 110 కూడా దాటి ఉండదు. మా నాన్న ఏమీ అనలేదు. ఆ దిమ్మలను మాత్రం మళ్లీ పెనంలో వేయించలేదు, పశువుల దాణాలోకి పంపేశారు. రెండోసారి వండితే నల్లబడి ఆ వాసన కొత్త వంటకు కూడా అంటుతుందని ఆయన లెక్క. తరువాత నుంచి నేను డిగ్రీ చెప్పడం, మేస్త్రి ఉండ విసరడం, రెండూ కలిస్తేనే దించడం. ఆ సీజను చివరికి మేస్త్రే “పుల్ల ఏదీ?” అని అడగడం మొదలుపెట్టాడు.

థర్మామీటరును ఇలా వాడండి

జ్వరం చూసేది పనికిరాదు, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. 150 డిగ్రీల వరకు చూపేది కావాలి. పాదరసం ఉన్న గాజు పుల్లను తినే పదార్థంలో పెట్టడం మంచిది కాదు. పగిలితే పెనమంతా పారబోయాల్సిందే. ఇప్పుడు పొడవాటి ఉక్కు పుల్ల ఉండి, అంకెలు చూపే డిజిటల్ రకాలు దొరుకుతున్నాయి. మామూలు రకం ఖరీదు సుమారు ఒక దిమ్మ ధరకు అటూ ఇటూ ఉంటుంది. ముగ్గురు నలుగురు రైతులు ఒకే పొయ్యి మీద వండుకునే చోట ఒకటి చాలు.

కొన్న వెంటనే దాన్ని నమ్మకండి. ఇంట్లో గిన్నెలో నీళ్లు పెట్టి, బాగా తెర్లుతున్నప్పుడు పుల్ల కొన అడుగుకు గాని పక్కకు గాని తగలకుండా ముంచి అంకె చూసి రాసుకోండి. అనకాపల్లి, చోడవరం ప్రాంతాల్లో 100కి దగ్గరగా రావాలి. చిత్తూరులో 99 వస్తుంది, జహీరాబాద్ వైపు 98 వస్తుంది. థర్మామీటరు చెడిపోయిందని కంగారు పడొద్దు. సముద్ర మట్టానికి ఎత్తున ఉన్న ఊళ్లలో నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సుమారు 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ తగ్గుతుంది.

అందుకే 118 అన్న అంకెను గుడ్డిగా పట్టుకోవద్దు. మీ ఊళ్లో, మీ థర్మామీటరుతో, నీళ్లు ఎంత దగ్గర మరిగాయో దానికి 16 నుంచి 18 కలపండి. అదే మీ దిమ్మ పాకం. 98 దగ్గర నీళ్లు మరిగే చోట 118 దాకా ఆగితే మీరు నిజానికి 120 దాకా పోయినట్టే. దిమ్మ బదులు పొడి, ఇంకొంచెం ఆగితే మాడు. థర్మామీటరులో ఒకటి రెండు డిగ్రీల తప్పున్నా ఈ లెక్కలో అది కూడా సర్దుకుపోతుంది.

పెనంలో చూసేటప్పుడు ఒక్క చోట చూసి ఊరుకోకండి. మధ్యలో, గొట్టం వైపు, ఇవతలి అంచుకు జానెడు లోపల, ఈ మూడు చోట్లా పాకం లోతులో సగం దాకా ముంచి చూడండి. మూడింటికీ రెండు డిగ్రీలకు మించి తేడా ఉంటే గరిటె సరిగా ఆడటం లేదన్న మాట. ప్రతి వంటలోనూ గొట్టం వైపే ఎక్కువ చూపిస్తుంటే పొయ్యి కట్టడంలో లోపం ఉంది. బూడిద తీయక ఇనుప చట్రం కన్నాలు పూడుకుపోయినా, ఒక పక్క ఇటుక కూలినా ఇలాగే జరుగుతుంది. వండేవాడి మీద కేకలు వేసే ముందు పొయ్యిలోకి వంగి చూడండి.

ముందే చెడిపోయిన రసం

వేడి సమంగా ఉన్నా కొన్ని బెల్లాలు చెమర్చి కారిపోతాయి. కారణం రసంలో పులుపు. పుల్లబడిన రసం కాగుతుంటే అందులోని గట్టి చక్కెర విడిపోయి, నీటిని పీల్చుకునే చక్కెరలుగా మారుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ విడిపోవడం వేగం అందుకుంటుంది. నరికిన చెరకును 24 గంటల్లోపు ఆడాలి, ఆడిన రసాన్ని నిలవ ఉంచకుండా పెనంలో పోయాలి. సున్నపు తేట కలిపి పులుపును కొంత విరచాలి. లిట్మస్ తరహా పి.హెచ్. కాగితంతో చూస్తే 6కు కాస్త పైన, ఆరున్నర లోపల ఉంటే చాలు. సున్నం మరీ ఎక్కువైతే మళ్లీ నలుపే.

మడ్డి తీయడంలో కూడా వేడి లెక్క ఉంది. రసం తెర్లక ముందే, 80-85 డిగ్రీల దగ్గర, మడ్డి దట్టంగా పైకి తేలుతుంది. అప్పుడు మంట నిదానించి, బెండకాడల జిగురు కలిపి, తీరిగ్గా తీసేయాలి. తొందరపడి తెర్లనిచ్చారా, ఆ మడ్డి చిల్లి మళ్లీ రసంలోనే కలిసిపోతుంది. ఇక ఏ గుడ్డలో వడకట్టినా రాదు.

చవుడు నేలలో పండిన చెరకు, పడిపోయిన చెరకు, ఆలస్యంగా యూరియా ఎక్కువ వేసిన చెరకు ఎంత బాగా వండినా మొదటి రకం ఇవ్వవు. అది పొలంలో సరిచేసుకోవాల్సిన పని.

హైడ్రోస్ గురించి నిజం

మాడిన రంగును దాచడానికే హైడ్రోస్, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, వేస్తున్నారు. వేసిన పూట బెల్లం పసుపుగా మెరుస్తుంది, కొన్నాళ్లకు ఆ మెరుపు పోయి మళ్లీ రంగు దిగుతుంది. అందులోంచి వచ్చే గంధకపు వాయువు బెల్లంలో కిలోకు 70 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. గుప్పెడతో వేసేవాడికి ఆ లెక్క ఎలా తెలుస్తుంది? ఉబ్బసం ఉన్నవాళ్లకు అది నేరుగా కీడు చేస్తుంది. మన ఇంట్లో పసిపిల్లల నోట్లో పెట్టే ముక్క కూడా ఆ పెనంలోదే గదా.

‘హైడ్రోస్ లేకపోతే మార్కెట్లో ధర రాదు’ అనే మాట అబద్ధం కాదు. తెల్లదనాన్ని చూసి ధర కట్టినంత కాలం రైతును ఒక్కణ్ణే తప్పు పట్టడం న్యాయం కాదు. కానీ నల్లబడటానికి కారణం పెనంలో వేడి అయినప్పుడు, దాన్ని అక్కడే ఆపితే మందు ఖర్చు మిగులుతుంది, నిలవ కూడా ఉంటుంది. రసాయనం లేని లేత గోధుమ రంగు బెల్లాన్ని అడిగి కొనేవాళ్లు పట్నాల్లో ఇప్పుడు ఉన్నారు. మాడిన నలుపును మాత్రం వాళ్లూ కొనరు. పైగా నల్లబెల్లం అనగానే సారా బట్టీలకు పోతుందేమోనని ఎక్సైజు వాళ్ల అనుమానం ఒకటి, అమాయక రైతుకు.

అచ్చులో పోసేటప్పుడు

పెనం దించగానే పని అయిపోయిందనుకుంటాం. సగం బెల్లం అచ్చులో చెడుతుంది. దించిన పాకాన్ని వెడల్పాటి తొట్టెలోకి మార్చి, నిదానంగా, అంతటా కలుస్తూ ఉండేలా తిప్పాలి. అంచున ముందుగా చల్లారి గట్టిపడిన దాన్ని మధ్యకు, మధ్యలో వేడిగా ఉన్నదాన్ని అంచుకు తెస్తూ ఉండాలి. 80-85 డిగ్రీలకు వచ్చినప్పుడు, సన్నని రవ్వ కట్టడం కనిపిస్తుంది, అప్పుడు అచ్చుల్లో పోయాలి. ఇంకా వేడిగా పోస్తే రవ్వ ముతకబడి, ఎక్కడికక్కడ వేరు వేరు రంగు తేలుతుంది. మరీ చల్లార్చి పోస్తే అచ్చు నిండా పట్టక గుల్లలు మిగులుతాయి.

పది కిలోల దిమ్మలో పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. లోపల నడుమ మాత్రం గంటల తరబడి వేడి నిలిచి ఉంటుంది, బెల్లం వేడిని తొందరగా వదలదు మరి. ఆ గంటల్లో లోపలి భాగం రంగు ముదురుతూనే ఉంటుంది. కొనేవాడు దిమ్మ పగలగొట్టి నడిమి నలుపు చూపించి ధర తగ్గించడం మీకు అనుభవమే. అదే అరకిలో, కిలో అచ్చులైతే వేడి త్వరగా, సమంగా బయటికి పోతుంది, అంచూ నడుమా ఒకే రంగు వస్తుంది. లక్నోలోని చెరకు పరిశోధన సంస్థ చిన్న చిన్న ఘనాలుగా పోసుకునే అచ్చుల చట్రాలను ఇందుకోసమే తయారు చేసింది. 1913 నుంచి చెరకు మీద పనిచేస్తున్న అనకాపల్లి పరిశోధన స్థానం వారిని అడిగితే మన పొయ్యిలకు, పెనాలకు సంబంధించిన మెలకువలు చెబుతారు. పిప్పి ఆదా అయ్యే రెండు పెనాల పొయ్యి కట్టుకోవాలన్నా ముందు వారి దగ్గరకు వెళ్లి కొలతలు తెచ్చుకోండి. మొదటి పెనం కింద నుంచి వృథాగా పోయే వేడితో రెండో పెనంలో రసం కాగుతుంది.

చెక్క అచ్చులను ముందుగా నీళ్లలో నానబెట్టి, నీళ్లు ఓడ్చి వాడండి. అంటుకోవు. ఇనుప, అల్యూమినియం అచ్చులు చలికాలం తెల్లవారుజామున మంచులా ఉంటాయి. అందులో పోస్తే అచ్చుకు తగిలిన పొర వెంటనే బిగిసి, లోపలిది ఆలస్యంగా చల్లారి, మధ్యన పగులు వస్తుంది. పొయ్యి పక్కన కాసేపు పెట్టి గోరువెచ్చన చేసుకుంటే ఆ బాధ ఉండదు. దిమ్మలు పూర్తిగా చల్లారక ముందు ప్లాస్టిక్ సంచిలో కట్టకండి. లోపలి ఆవిరి బయటికి పోక సంచి గోడకు నీరై, వారం తిరక్కముందే బూజు పడుతుంది. ఒకదానికొకటి తగలకుండా, గాలి ఆడే చోట రాత్రంతా ఉంచండి.

మర్నాడు ఉదయం ఒక దిమ్మను నడిమికి పగలగొట్టి వెలుతురులో చూడండి. నడుమ ముదురుగా, అంచు లేతగా ఉంటే తరువాతి వంటలో ఐదు డిగ్రీలు చల్లబరిచి పోయండి, లేదా అచ్చు తగ్గించండి. దిమ్మంతా ఒకే ముదురు రంగైతే తప్పు పెనంలో జరిగింది, గొట్టం వైపు వేడి మళ్లీ చూడండి. వేలు నొక్కితే దిగుతుంటే దించడం తొందరైంది, లేదా రసం పులిసింది. ఏ తోట చెరకు, ఎన్ని గంటలకు ఆడారు, ఎంత దగ్గర దించారు, ఎంత దగ్గర పోశారు, పొయ్యి గోడ మీద సుద్దతో రాసినా సరే, ఒక చోట రాసుకోండి.